స్వాప్ నిలిచింది, పాట దక్కింది

ఈ రోజు నా ఆనందం పట్టలేక రాస్తున్నాను. మా ఇంటావిడ నాట్ల పాటలు పాడుతుంటే రికార్డు చేస్తూ టైపు చేస్తున్నాను. లైనక్స్ వేసిన పాత కంప్యూటర్, మెమరీ తక్కువ. రెండు పనులు ఒకేసారి చేస్తే బిగుసుకుపోయేది. డిస్కులో కొంత జాగా మెమరీకి తోడుగా, అంటే స్వాప్‌గా, ఇచ్చాక బాగా నడిచింది. మరునాడు మళ్లీ అదే కథ. అలా రెండు పాటలు పోయాయి.

ఈ ఉదయం కారణం దొరికింది. పొలానికి పోయేముందు రోజూ కంప్యూటర్ మూసి మెయిన్ ఆపేస్తాం. తిరిగి వేసినప్పుడు స్వాప్ దానంతట అది రాదు. ఎఫ్‌స్టాబ్ అనే ఫైలులో ఒక వరుస రాసి ఉంచాలి. రాశాను. పరీక్షకని అన్నీ ఆపాను.

మెయిన్ మీద చెయ్యి పెట్టి ఆమె అంది: "నీ మిషను రెండు పాటలు మింగింది. ఇది గూడ మింగితే మల్ల నోరు తెరువ, ముందే చెప్తున్న."

"మింగదు. వెయ్యి."

వేసింది. కంప్యూటర్ తెరిచి చూస్తే స్వాప్ దగ్గర సున్నా లేదు, నేనిచ్చిన జాగా అంతా కనిపించింది. ఆమె పాడిన పాట చివరిదాకా రికార్డయింది, దాచుకున్నాను.

"అయితే ఇగ ఆ మింగినవి గూడ రాస్కో," అని అడగకుండానే మొదలుపెట్టింది.

ఒక్క వరుస రాయక ఇన్నాళ్లు మాటలు పడ్డాను. మీలో ఇంకెవరైనా పడ్డారా, నేనొక్కడినేనా?