వెనక నిలబడ్డ నటుడి నోరు

ఈ మధ్యాహ్నం సిరిసిల్లలో మా ఫ్రేముల షాపుకు ముస్తాబాద్ లక్ష్మవ్వ ఒక పటం తెచ్చింది. ఆమె భర్త బొంబాయిలో పనిచేసిన రోజుల్లో పాతసామాన్ల బజారులో కొన్నాడట. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి రంగుల అచ్చు. నాటకం వేస్తున్న నలుగురు నటులు, వాళ్ల మొహాల మీద కింది నుంచి పడుతున్న దీపాల వెలుగు. ఆమె భర్త ఇప్పుడు దుబాయిలో ఉన్నాడు. రెండు నెలలుగా ఫోన్ లేదు.

అద్దం మార్చాలేమో అనుకున్నాను. ఆమె పటంలో అందరికన్నా వెనక నిలబడ్డ నటుణ్ని చూపించింది.

"గీయన నోరు మూసుకొని ఉంటుండె అన్నా. ఇప్పుడు తెరిసిండు. నాకే గట్ల కనబడుతుందా? జర మంచిగ చూసి చెప్పు."

భూతద్దం పెట్టి చూశాను. అక్కడ మొహమే లేదు, ఎర్రటి, నీలపు అచ్చు చుక్కలు తప్ప. భూతద్దం తీశాను. నోరు తెరిచే ఉంది, ఎవరినో పిలవబోతున్నట్టు.

"మూసుకొనే ఉన్నది లక్ష్మవ్వా," అన్నాను.

"గట్లయితే మా ఆయన మంచిగనే ఉన్నడు," అంటూ పటాన్ని కొంగులో చుట్టుకుని ఆటో ఎక్కింది.

నేను పటాలకు అద్దాలు బిగించేవాణ్ని, జాతకాలు చెప్పేవాణ్ని కాను. ఆ నోరు మొదటి నుంచీ తెరిచే ఉందని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. మీరైతే ఆమెకు ఏం చెప్పేవారు?