వదిన పూసిన పూత

హెర్నియాకి కడుపులో వేసే వలలు తయారుచేసే ఫ్యాక్టరీలో మా వదిన పనిచేస్తుంది. పేగులు అతుక్కోకుండా వలకి ఒకవైపు పలుచటి పూత పూసేది అక్కడ ఆమె ఒక్కతే. వెంట్రుకవాసి తేడా కనిపించినా ఆ ముక్క పక్కన పడేస్తుంది. సూపర్‌వైజర్ చాదస్తమని విసుక్కున్నా వినదు.

నాలుగేళ్ల కిందట మా అన్నయ్యకి బొడ్డు దగ్గర హెర్నియాకి వేసింది ఆ ఫ్యాక్టరీ వలనే. మొన్న పిత్తాశయంలో రాళ్లకి మళ్లీ ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ లోపల తీసిన ఫోటో చూపించింది.

"ఇదిగో మీ పాత వల. ఒక్క పేగు కూడా అతుక్కోలేదు."

"ఆ పూత మా ఆవిడ చేతిదేనండీ," అన్నాడు అన్నయ్య, కుట్లు లాగుతున్నా లేచి కూర్చుంటూ.

డాక్టరమ్మ వదిన వైపు తిరిగి చెయ్యి కలిపింది. వదిన ఫోటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అంచుదాకా సమంగానే పడింది," అంది.