ఓడగారి కథ

నాకు నవ్వు ఆగదు. పెళ్లిలోనైనా పరామర్శలోనైనా ఒకసారి మొదలైతే అంతే సంగతులు. నిరుడు అమెరికాలో మేముండే కాపెల్‌లో మా తెలుగు బడి వార్షికోత్సవంలో మా అమ్మాయి మైకు ముందు నిలబడి, 'మా అమ్మ బాగా ఉడుకుతుంది' అన్నప్పుడు అందరికంటే ముందు నవ్వింది నేనే. 'వండుతుంది' అనబోయింది పాపం. అన్నదాంట్లో అబద్ధమేమీ లేదనుకోండి. ఆ రోజు నుంచి ఏడాదిపాటు అది తెలుగులో నోరు విప్పలేదు. నా ప్రాణం ఉసూరుమంది.

ఈసారి వార్షికోత్సవంలో మాట్లాడటానికి ఒక షరతు మీద ఒప్పుకుంది: నేను నవ్వకూడదు. నవ్వితే ఇక జన్మలో తెలుగు మాట్లాడదట. విషయం తనే ఎంచుకుంది. హిస్టరీ క్లాసులో చదివిన పాత తెరచాపల యుద్ధనౌక. ఫ్రెంచివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ దాన్ని ఒకరి దగ్గర్నుంచి ఒకరు లాక్కున్నారట. ఓడ గురించే కదా, నవ్వడానికేముందని ధీమాగా ముందు వరసలో కూర్చున్నాను.

'ఇది ఒక ఓడ కథ' అన్న మొదటి వాక్యాన్ని మైకు మింగేసింది. సరిచేశాక హాలుకి వినపడింది ఇదీ.

"ఆవిడ ఫ్రాన్స్‌లో పుట్టింది. చాలా అందంగా ఉండేది. ఇంగ్లీష్ వాళ్లు ఆవిడని ఎత్తుకుపోయారు, పేరు మార్చేశారు. ఫ్రాన్స్ వాళ్లు మళ్లీ తెచ్చుకున్నారు. ఇంగ్లీష్ వాళ్లు మళ్లీ ఎత్తుకుపోయారు."

ఇంగ్లీషులో ఓడ ఆడది. పైగా రెండు వందల ఏళ్లు దాటిన మనిషాయె. పెద్దవాళ్లని 'అది' అనకూడదని నూరిపోసింది నేనే. చున్నీ నోట్లో కుక్కుకున్నాను. నా పక్కన, మనవరాలి డాన్సు చూడటానికి వచ్చిన పెద్దావిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని రామ రామ అంటోంది.

"ఆవిడ దగ్గర థర్టీ టూ ఫిరంగులు ఉన్నాయి," అంది మా అమ్మాయి.

చున్నీ ఊడిపడింది. నా నవ్వు వెనకాలే హాలంతా గొల్లుమంది. అది చెప్పడం ఆపి సూటిగా నావైపే చూసింది. అయిపోయింది, చేతులారా చేసుకున్నాను అనుకున్నాను. నవ్వులు సద్దుమణిగాయి.

ఆ నిశ్శబ్దంలో పెద్దావిడ గట్టిగా అడిగింది.

"ఇంత జరుగుతుంటే మొగుడేం చేస్తున్నాడమ్మా?"

మొగుడంటే కెప్టెన్ అనుకున్నట్టుంది మా పిల్ల.

"ఆయన జైల్లో ఉన్నారు, అమ్మమ్మా."

ఇక చూడండి, కుర్చీల్లోంచి జారిపోయారు జనం. అది ఈసారి నావైపు చూడలేదు. నవ్వులు తగ్గేదాకా ఆగి, చివరికి ఆవిడని విరగ్గొట్టి కట్టెల కింద అమ్మేశారని చెప్పి దిగింది. పెద్దావిడ కళ్లొత్తుకుంది. అది ఓడండీ అని చెబుదామంటే నాకు మాట వస్తేగా!

కార్లో కూర్చుని క్షమాపణ ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. అది సీటు బెల్టు పెట్టుకుంది.

"అమ్మా, నువ్వు చాలా లౌడ్‌గా నవ్వావు," అంది, తెలుగులోనే. వెంటనే, "ఇంకో కథ చెప్పనా?"