గొట్టంలో చివరి చుక్క

పొద్దున్నే డ్యూటీకి బయలుదేరే ముందు బస్సు డ్రైవరు వంటింట్లో నిలబడి భార్య ఊపిరాడటానికి మందు పీల్చే ఆవిరి మిషను గొట్టం కడుగుతాడు. గోరువెచ్చని సబ్బునీళ్ళు నిండా పోసి, రెండు చివరలూ బొటనవేళ్ళతో మూసి, అటూ ఇటూ ఊపుతాడు. మంచినీళ్ళతో జాడించి గిరగిరా తిప్పి విదిలిస్తాడు. ఆపైన ఒక కన్ను మూసి, గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తాడు. వంపులో ఒక్క చుక్క కనిపించినా మళ్ళీ తిప్పాల్సిందే. "బస్సు డీజిల్ పైపును కూడా ఇంతలా చూడను" అంటాడు. ఒకప్పుడు ఆమె నోటి ధాటికి వీధంతా హడలిపోయేది. ఊపిరితిత్తుల జబ్బు చేశాక మూడు మాటలకోసారి ఆగి రొప్పేది, తిట్టు సగంలో వదిలేసి చెయ్యి ఊపేది. ఆ చెయ్యి చూస్తే ఆయన గుండె తరుక్కుపోయేది.

నిన్న గొట్టం విదిలిస్తుంటే నీళ్ళు ఇస్త్రీ బట్టల మీద పడ్డాయి.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు, బట్టలున్న చోట దాన్ని తిప్పొద్దని, కళ్ళు నెత్తికెక్కాయా, ఇప్పుడా తడిచొక్కా నేనేసుకోవాలా, నువ్వేసుకుంటావా?"

ఊపిరి కోసం ఆమె ఎక్కడా ఆగలేదు. ఆయన గొట్టం పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"ఏంటన్నావే? మళ్ళీ అను."

"చెవుడు కూడా వచ్చిందా?" అని ఆమె మొదటినుంచీ అందుకుంది. ఈసారి అత్తింటివాళ్ళనీ కలిపింది.

బస్సు ఏడు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. కండక్టరు కారణమడిగితే, "మా ఆవిడ తిడుతోంది, మధ్యలో ఎలా వస్తాను?" అన్నాడు, తడిచొక్కా సర్దుకుంటూ, ముఖమంతా నవ్వుతో.