నాలుగో నంబరు గునుగు

పి.యు.సి.లో చేరిన ఏడాది పన్నెండు శనివారాల పాటు నేను ఒక చదరపు మీటరు నేలకు కాపలా కాశాను. అది యూనివర్సిటీ క్యాంపస్‌లో, తార్నాక వైపు వెళ్ళే కాలిబాటకు ఎడమ పక్కన, ఏనుగు వీపులాంటి ఒక బండరాయికి తూర్పుగా పదకొండు అడుగుల దూరంలో ఉండేది. ఆ ఏడు నా పక్క బెంచీలో కూర్చున్నవాళ్ళ ముఖాలు సగం మరిచిపోయాను కానీ, ఆ పదకొండు అడుగులు మాత్రం మరిచిపోలేదు.

ఇదంతా మా బయాలజీ లెక్చరర్ వల్ల వచ్చింది. మా పుస్తకంలో మొక్కల, వాటి పరిసరాల గురించి ఉన్నది మూడు పేజీలు. మిగిలిన కాలేజీల్లో దాన్ని ఒక గంటలో చెప్పేసి కప్ప దగ్గరికి వెళ్ళిపోయేవారు. మా లెక్చరర్ కొత్తగా ఎమ్మెస్సీ ముగించి వచ్చినవాడు, ఆ మూడు పేజీలే ఆయనకు ప్రాణం. మొదటి రోజే బల్ల మీద నాలుగు మేకులు, ఒక పురికొస ఉండ పెట్టి అన్నాడు:

"పరిసరాలు పుస్తకంల ఉండయ్. నీ చెప్పుల కింద ఉంటయ్. ఒక్కొక్కరు ఒక్కొక్క మీటరు జాగా చూసుకోండ్రి. నాలుగు దిక్కుల మేకులు కొట్టుండ్రి. ప్రతి శనివారం పోయి అందులో ఏమున్నదో, ఎంత పెరిగిందో, ఏం వచ్చిందో, ఏం పోయిందో రాయండ్రి. పన్నెండు శనివారాల లెక్క లేకుంటే రికార్డు మీద నా సంతకం లేదు. సంతకం లేకుంటే ప్రాక్టికల్స్ లేవు."

ప్రాక్టికల్స్ లేకపోతే వ్యవసాయ కాలేజీలో సీటు లేదు. ఆ సీటు కోసమే మా నాన్న నన్ను గోదావరి జిల్లా నుంచి రైలెక్కించి ఇంత దూరం పంపాడు. కనుక నాకు ఆ సంతకం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

అంబర్‌పేట్ నుంచి వచ్చే నా స్నేహితుడు క్యాంటీన్ కిటికీలోంచి కనబడే మొరం నేలను ఎంచుకున్నాడు. అందులో ఉన్నవి మూడు గరిక పోచలు. పన్నెండు వారాలూ మూడే ఉన్నాయి. నేను మాత్రం వానకు బాగా పచ్చబడిన చోటు వెతికి మరీ పట్టుకున్నాను. గరిక, తుంగ, పల్లేరు, గడ్డిచామంతి, వీటి మధ్య నిటారుగా పదిహేడు మొక్కలు. మా వైపు చేలల్లో వాటిని కలుపు కింద పీకి గట్టు మీద పారేస్తారు. లాటిన్ పేరు పుస్తకంలో దొరికింది. తెలుగు పేరు అప్పటికి నాకు తెలియదు.

పదిహేడింటికీ నంబర్లు వేశాను. పాత శుభలేఖ ఒకటి తీసుకుని, దాన్ని అరంగుళం ముక్కలుగా కత్తిరించి, ఇండియన్ ఇంకుతో అంకెలు రాసి, వానకు తడవకుండా కొవ్వొత్తి మైనంలో ముంచి, దారంతో ఒక్కొక్క కాండానికి ఒక్కొక్కటి కట్టాను. సెప్టెంబరులో ఆ మొక్కలకు వెండి రంగు మీద కొంచెం గులాబి ఛాయతో వెన్నులు వచ్చాయి. వెన్ను పొడవు కొలవడానికి వీలుగా ఉంటుందని చీటీలను మొదళ్ళ నుంచి విప్పి సరిగ్గా వెన్నుల కింద కట్టాను. ఆ మార్పుకు తేదీ వేసి కారణం కూడా రాసుకున్నాను.

తార్నాకలో నేను అద్దెకున్న గది ఒక చిన్న ఇంటి వసారా చివర ఉండేది. ఆ ఇంటావిడను నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. ఆ చివరి 'గారూ' వినబడ్డప్పుడల్లా ఆవిడకు నవ్వొచ్చేది. వాళ్ళది జనగామ వైపు వ్యవసాయ కుటుంబం. ఆవిడ భర్త రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రోజుకు నాలుగైదు మాటల కంటే ఎక్కువ వాడేవాడు కాదు. ఒక శనివారం ఆవిడ నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"ఏంది బాబు, శనివారం శనివారం టేపు వట్టుకొని పోతవ్? జాగ గిట్ల కొంటున్నవా?"

"కాదండీ పిన్నిగారూ. మొక్కలు కొలుస్తున్నాను."

"మొక్కలు కొలుసుడేంది! గవేమన్న లంగా జాకెట్లు కుట్టించుకుంటయా?"

రికార్డు తెరిచి నేను గీసిన బొమ్మ చూపించాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"గిది గునుగు గదా! ఎన్నున్నయ్?"

"పదిహేడండీ, కాలిబాట పక్కన ఏనుగు బండ దగ్గర."

"ఎవ్వరు తెంపలే?"

"ఎవరినీ ముట్టనివ్వడం లేదండీ. ఒక్కొక్కదానికీ నంబరు కూడా కట్టాను."

ఆవిడ లోపలికి తిరిగి కేకేసింది. "విన్నవా? మన కిరాయి బాబు గునుగు కావలి కాస్తున్నడట! నంబర్లేసి!"

"మంచిదే," అన్నాడు లోపలి నుంచి ఫిట్టరు.

ఆ పూట నాకు పళ్ళెంలో వేడివేడి సర్వపిండి వచ్చింది. తర్వాత ప్రతి శనివారం ఏదో ఒకటి వస్తూనే ఉంది. "జెర పండుగ దాంక చూసుకో బాబు, బర్లు వడ్తయ్," అనేది ఆవిడ. నా పన్నెండో శనివారం దసరా సెలవుల్లోనే పడింది కనుక, "తప్పకుండా చూసుకుంటానండీ," అనేవాణ్ణి. చదువు పెద్దగా లేకపోయినా ఈ ఇంట్లో సైన్సుకు ఎంత గౌరవం ఉందో అని ఇంటికి ఉత్తరం కూడా రాశాను.

సెలవులిచ్చిన రోజు మా క్లాసు దాదాపు అంతా పన్నెండో వారం లెక్క ముందే రాసేసుకుని ఊళ్ళకు వెళ్ళిపోయింది. నా స్నేహితుడు నన్ను ఒప్పించాలని చూశాడు.

"అరే భాయ్, పదకొండు వారాల గీత ఉన్నది గదా. స్కేలు పెట్టి ఇంకింత ముందుకు గుంజు. గడ్డి వచ్చి సాక్ష్యం చెప్తదా?"

"నీకు మూడు పోచలు. నీకేం?"

"గందుకే మూడు తీసుకున్న. తెలివి ఉండాలె."

నేను వెళ్ళలేదు. ఆ శనివారం మధ్యాహ్నం రెండింటికి టేపు, పెన్సిలు, రికార్డు తీసుకుని నా చదరం దగ్గరికి వెళ్ళాను. మేకులు నాలుగూ ఉన్నాయి. పురికొస ఉంది. గరిక, తుంగ, పల్లేరు ఉన్నాయి. పదిహేడు గునుగు మొక్కల చోట పదిహేడు మోళ్ళు ఉన్నాయి.

బండ మీద కూర్చుని రికార్డు తెరిచాను. కారణాలు ఒకటొకటిగా రాశాను. ఒకటి, పశువు: కాదు, కోత నునుపుగా ఉంది, పక్కన గరిక అలాగే ఉంది. రెండు, గాలి: కాదు. మూడు, పురుగు: అవకాశం ఉంది, అయితే అది పూతకొచ్చిన వాటినే, అదీ ఏటవాలుగా కొరికే పురుగై ఉండాలి. నాలుగు, మనిషి: కాదు, ఎందుకంటే ఈ పువ్వు తినడానికి పనికిరాదు, వాసన లేదు, దీనితో మనిషికి ఏ ప్రయోజనమూ లేదు.

నాలుగోది రాసినప్పుడు నా తర్కానికి నాకే ముచ్చటేసింది. లేచి క్యాంపస్ అంతా తిరిగి చూశాను. ఎక్కడా ఒక్క గునుగు వెన్ను లేదు. తంగేడు పొదలకు ఆకులున్నాయి కానీ పువ్వుల్లేవు. 'తంగేడుకు కూడా సోకినది' అని రాసుకున్నాను. ఆ పురుగు మూతి ఎలా ఉండాలో ఊహించి, ఎదుటి పేజీలో పెన్సిలుతో బొమ్మ గీసి, భాగాలకు పేర్లు పెట్టాను. వారం రోజులుగా సాయంత్రాలు వీధుల్లో చప్పట్లూ పాటలూ వినబడుతూనే ఉన్నాయి. ఈ ఊరి పండుగేదో అనుకుని లైబ్రరీకి వెళ్ళిపోయేవాణ్ణి.

అయిదింటికి ఇల్లు చేరేసరికి వాకిట్లో ఇత్తడి తాంబాళం, దాని మీద మోకాలెత్తున పువ్వుల గోపురం. కింద వరస పచ్చగా తంగేడు, పైన వరసల్లో తెలుపు, గులాబి, నీలం రంగుల్లో గునుగు, మధ్యమధ్య బంతి. శిఖరాన గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మ. అందంగా ఉందనుకుంటూ దగ్గరికి వెళ్ళాను. నీలం గుత్తిలోంచి ఒక చిన్న అట్టముక్క నా వైపు తిరిగి ఉంది. దాని మీద 7 అని ఉంది. నా చేతిరాతే.

"వచ్చినవా బాబు!" పిన్నిగారు కొత్త చీరలో బయటికి వచ్చింది. వెనక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురైదుగురు. "గిదుగో, గీ పిలగాడే. మూడు నెలల సంది నాకోసం గునుగు కాపాడిండు. ఊరంత తిరిగినా గిసొంటి వెన్నులు దొరుకయ్. పొద్దుగాల వోయి చూస్తె చీటీలు గట్టి తయారుగ వెట్టిండు!"

"నీ అదృష్టమే అక్కా," అంది ఒకావిడ. "మా కిరాయిదారు బల్బు గూడ ఆర్పడు."

ఆవిడ కళ్ళల్లోని సంతోషం చూసి మెల్లగా అడిగాను.

"పిన్నిగారూ, ఆ చీటీలు..."

"తీయబుద్ధి కాలె బాబు. అంత మంచిగ గట్టినవు. రంగుల ముంచినా అంకె చెదరలే!"

"ఒక్క అయిదు నిమిషాలు తీసి కొలుచుకోవచ్చాండీ?"

"అయ్యో, గౌరమ్మను వెట్టినంక ముట్టద్దు. చూడు, కండ్లతోని ఎంతన్న చూడు."

కనుక కళ్ళతోనే చూశాను. వీధి చివర ఖాళీ జాగాలో బతుకమ్మలన్నీ మధ్యలో పెట్టి ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతుంటే, నేను వాళ్ళ వెనక రికార్డు పట్టుకుని, మునివేళ్ళ మీద లేస్తూ, అంకెలు చదువుతూ తిరిగాను. నంబరు ఎదురుగా కనబడాలంటే వాళ్ళు తిరిగే వైపే తిరగాలి, అడుగు అడుగుకూ వంగాలి. ఒక చుట్టు తర్వాత నేను కూడా వాళ్ళ తాళానికే వంగుతున్నానని గమనించాను.

"ఏమక్కా, మీ పిలగాడు బతుకమ్మ పరీక్ష రాస్తుండా?"

"నకలు కొడ్తుండు. చూడు, నా దిక్కు చూసి రాస్తుండు!"

"ఓ బాబూ, రాసింది చాలు, జెర చప్పట్లన్న కొట్టు!"

ఆరు చుట్లలో పదకొండు నంబర్లు దొరికాయి. మిగిలినవి లోపలి వరసల్లో ఉండాలి. చీకటి పడకముందే అందరూ బండల మధ్య వాన నీళ్ళు నిలిచిన గుంట దగ్గరికి కదిలారు. నేను పిన్నిగారి పక్కన నడుస్తూ మెల్లగా అడిగాను.

"నీళ్ళల్లో వదిలాక కూడా ముట్టకూడదాండీ?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఇడిసినంక గౌరమ్మ వోయింది. ఇగ నీ ఇష్టం. గంత అక్కెరున్నదా బాబు?"

"సంతకం కావాలండీ."

ఏం సంతకమో అడగలేదు. ఫిట్టరును పిలిచి, "గీయనెంబడి నీళ్ళల్ల దిగు. ఈత వచ్చో రాదో," అంది. అలా నేను మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, తేలుతున్న వెన్నులను ఒక్కొక్కటే పట్టుకుని స్కేలు పెట్టి కొలిచాను. ఫిట్టరు నా రికార్డును తడవకుండా ఛాతీ ఎత్తున పట్టుకుని, నేను చెప్పిన అంకెలను వర్క్‌షాపు చేతిరాతతో ఎక్కించాడు. రంగు కూడా రాయించాను: ఏడో నంబరు నీలం, పన్నెండో నంబరు గులాబి. కొలతను ప్రభావితం చేసే ప్రతి విషయమూ రాయాలన్నది నియమం.

పదహారు దొరికాయి. నాలుగో నంబరు దొరకలేదు.

"జల్ది," అన్నాడు ఫిట్టరు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళి ఒడ్డంతా వెతికాను. నాలుగు లేదు.

సెలవులయ్యాక మొదటి సోమవారం రికార్డు లెక్చరర్ ముందు పెట్టాను. పేజీలకు నంబర్లుంటాయి, చించితే రద్దు. కనుక పురుగు బొమ్మ కూడా ఆయన ముందుకు వెళ్ళింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత పేజీ తిప్పి 'నాశనానికి కారణము: ఇంటి యజమానురాలు' అన్న చోట ఆగాడు. భుజాలు కదిలాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"తార్నాకల ఉండుకుంట, గునుగుతోని మనిషికి ఏ ప్రయోజనం లేదని రాసినవా? మా అమ్మ వింటే నీకు బువ్వ వెట్టదు."

"సరిదిద్దాను సార్, కింద."

"చూసిన. నీళ్ళల్ల దిగి కొలిచినోడివి నువ్వొక్కనివే. మిగిలినోళ్ళ గీతలన్నీ స్కేలు వెట్టి గుంజినయే, నాకు తెల్వదా?" ఆయన పెన్ను మూత తీశాడు. సంతకం అయిపోయిందనుకున్నాను. పెన్ను కాగితం మీద ఆగింది. "పదిహేడు మొక్కలు. పదహారు కొలతలు. నాలుగేది?"

"దొరకలేదు సార్."

"దొరకకపోతే పదిహేడింటి సగటు ఎట్ల తీసినవ్? రేపు సాయంత్రం లోపల నాలుగన్న తే, లేకుంటే మొదటి వారం నుంచి దాన్ని తీసేసి అన్ని సగటులు, అన్ని గ్రాఫులు మళ్ళ చెయ్. ఎల్లుండి నేను జాబితా పంపాలె."

పన్నెండు వారాలు. వారానికి అయిదు సగటులు. ఒక్క రోజులో అయ్యే పని కాదని దారి పొడవునా లెక్క వేసుకుంటూ గదికి వచ్చాను. పిన్నిగారు వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"ఏంది బాబు, మొకం గట్ల వెట్టినవ్?"

"నాలుగో నంబరండీ. ఆ ఒక్కటీ దొరకలేదు. సంతకం ఆగిపోయింది."

ఆవిడ చేట ఆపింది. "నాలుగా? అన్నిట్ల పొడుగుండె, గదేనా?"

"అదేనండీ!"

"నీ దర్వాజకే వెట్టిన గదా!"

తల ఎత్తి చూశాను. నా గది తలుపు పైన, ద్వారబంధానికీ గోడకూ మధ్య సందులో, రంగు వేయని ఒక్క గునుగు వెన్ను. దాని కింద మైనం పూసిన చీటీ. తొమ్మిది రోజులుగా రోజుకు కనీసం పదిసార్లు దాని కిందుగా తిరిగాను.

"చెప్పలేదేమండీ?"

"నీ కష్టం గదా, నీ వంతు నీకు వెట్టిన. నువ్వు గట్టిన చీటీ నువ్వే చూడకపోతివి, నేనేం చెప్త?"

స్టూలు వేసుకుని దించాను. ఎండినా పువ్వు వాడలేదు, పొడవు తగ్గినట్టు లేదు. రికార్డు మీద పెట్టి కొలిచాను: పద్నాలుగు సెంటీమీటర్ల మూడు మిల్లీమీటర్లు. నల్లటి గింజలు నాలుగైదు రాలి అంకెల మీద పడ్డాయి. స్థలం అన్న గడిలో 'నా ద్వారబంధము' అని రాశాను. దాన్ని పొట్లం కట్టి కాలేజీకి తీసుకెళదామని పాత పేపరు చింపుతుంటే పిన్నిగారు చేట కింద పెట్టింది.

"ఎటు? కొలుసుడైంది గదా. మళ్ళ గాడనే వెట్టు."

"సార్‌కు చూపించాలండీ."

"గంత కావాలంటె మీ సారునే గీడికి రమ్మను. చాయ్ వోస్త."

మళ్ళీ స్టూలెక్కి, చీటీ ముందుకు తిరిగేలా పెట్టాను. మర్నాడు ఉన్నదున్నట్టు చెప్పాను. లెక్చరర్ అడ్రసు రాసుకున్నాడు కానీ రాలేదు. సంతకం మాత్రం పెట్టాడు. దాని పక్కన ఎర్ర సిరాతో ఒక మాట ఉంది: 'పరిశీలన బాగున్నది. అప్పుడప్పుడు పైకి కూడా చూడవలెను.'