తలకిందులుగా కట్టిన సాలీడు

నాకు నోరెక్కువ. ఈ మాట మా అమ్మ అంది, మా అత్తగారు అంది, మా కాలేజీ ప్రిన్సిపాల్ అయితే మూడుసార్లు కాగితం మీద పెట్టి మరీ అన్నాడు. ఆఫీసులో టైపు కొట్టుకునే మనిషికి ఇంత నోరెందుకని ఆయన బాధ. అలాంటి నేను నోరు విప్పాల్సిన ఒకే ఒక్క రోజున నిజం చెప్పడానికి విప్పలేదు. పూర్తిగా మూసుకున్నా బాగుండేదేమో, విప్పి అబద్ధం చెప్పాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు సీసాల బాబాయ్ గురించి చెప్పాలి.

మా కాలేజీలో జంతుశాస్త్రం వాళ్ళ వరండా చివర ఒక పొడవాటి గది ఉండేది. గోడలకి అద్దాల బీరువాలు, బీరువాల నిండా సీసాలు, సీసాల్లో స్పిరిట్‌లో మునిగిన పాములు, కప్పలు, తేళ్ళు, సాలీళ్ళు. వాటికి కాపలా, వైద్యం, స్నానపానాలు అన్నీ చూసేది బాబాయ్. పద్దెనిమిదో ఏట ఆ గది ఊడవడానికి వచ్చాడట. అప్పటి ముసలి మాస్టారు ఆయన వేళ్ళు చూసి, "ఆ చీపురు పక్కన పెట్టి ఇలా రావయ్యా" అన్నారట. చచ్చిన పురుగును గాజుపలక మీద పరచడం, ఒక్కో కాలినీ సన్నటి తెల్లదారంతో కట్టడం, ముడి వెనక్కి పోయేలా బిగించడం, సీసాలో దించి మూత చుట్టూ మైనం పోయడం, అన్నీ ఆయనే నేర్పారు. తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు బాబాయ్ చేసింది అదే పని. ఉద్యోగం మాత్రం తాత్కాలికం. ఏటేటా "మరొక్క ఏడాది" అని ఒక కాగితం వచ్చేది. ఆఖరి పదకొండేళ్ళూ ఆ కాగితం నా చేత్తో టైపు చేసిందే. నాదీ అలాంటి కాగితమే, దాని కిందే ఉండేది.

కాలేజీ వెనక ఒంటిగది ఇంట్లో ఆయనా పిన్నీ ఉండేవారు. పిన్నికి మోకాళ్ళు పూర్తిగా పోయాయి, గుమ్మం దాటి రాదు. బాబాయ్ చేతులు సీసాల్లో పోసే మందుకి పగిలి పగిలి చెక్కలా అయిపోయాయి, ఎన్నిసార్లు కడిగినా వాసన పోదు. "మీ బాబాయి పోయినా వారం దాకా కుళ్ళడులే అమ్మాయ్, లోపలంతా మందే" అనేది పిన్ని. ఆయన తల వంచుకుని నవ్వేవాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆ ఇల్లు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ ఊసెత్తేవారు కాదు.

ఆ ఏడు వానలు తెరిపిచ్చాక ఒక ఉదయం బాబాయ్ నా బల్ల దగ్గరికి వచ్చి, "ఒక్క నిమిషం రా అమ్మాయ్, నీకొకటి చూపిస్తా" అన్నాడు. ఆయన ఎవరినీ దేనికీ పిలిచే మనిషి కాదు. చేతిలో పని వదిలేసి వెళ్ళాను. పొడవు గది వెనక కిటికీ బయట, నీళ్ళ గొట్టానికీ ఒక పిచ్చి పొదకీ మధ్య జల్లెడంత గుండ్రటి గూడు. దాని నడిమధ్యన సాలీడు. సాలీడంటే నాకు బూజు దులిపేటప్పుడు మీద పడే మట్టిరంగు పురుగే తెలుసు. దీని వీపు మీద వెండిపొడి చల్లినట్టుంది. పొట్టకి అడ్డంగా పసుపు, తెలుపు, నలుపు చారలు, నలుపులో అక్కడక్కడా ఎరుపు. ఎనిమిది కాళ్ళనీ రెండేసి జతచేసి నాలుగు మూలలకీ చాపి, తల కిందికి పెట్టి వేలాడుతోంది. కాళ్ళ కొసల నుంచి గూటి మీద తెల్లటి వంకరటింకర పట్టీలు.

"తల కిందికుందేంటి బాబాయ్, పడిపోదూ?"

"అది ఉండే తీరే అంత. నెల్లాళ్ళుగా చూస్తున్నా, ఒక్కనాడూ తల పైకి పెట్టలేదు."

"ఎందుకట?"

"గూట్లో ఏదైనా పడితే గబుక్కున కిందికి ఉరకడానికి కాబోలు. నాతో చెప్పలేదు మరి."

అప్పట్నుంచి రోజూ టీ తాగే వేళకి నేనక్కడే. ఆయన ఉఫ్ అని ఊదితే అది గూడంతా ఊగేలా ఒళ్ళు ఊపేసేది, రంగులన్నీ కలిసిపోయి పురుగు ఎక్కడుందో కనపడేది కాదు. మిడత పడితే వెనక కాళ్ళతో దారం వెదజల్లి, మిడతని గిరగిరా తిప్పి, చూస్తుండగానే తెల్లటి మూట కట్టేసేది. "నిన్నటి గూడు తనే తినేసి తెల్లారేసరికి కొత్తది అల్లుకుంటుంది. ఏ రోజుకా రోజే. మన ఉద్యోగాల్లాగే" అన్నాడొకసారి. గూటి అంచున నలకంత గోధుమరంగు పురుగొకటి బిక్కుబిక్కుమంటూ ఉండేది. దాని మొగుడట. దగ్గరికెళ్తే ఆడది తినేస్తుందని అక్కడే ఆగాడట.

"మంచి పని చేస్తోంది" అన్నాను.

"మీ పిన్నితో అనకు" అన్నాడు.

నాలుగో వారంలో పిడుగులాంటి కబురొచ్చింది. ఆ గది ఖాళీ చేయించి కంప్యూటర్లు పెడతారట. ఉంచాలో తీసెయ్యాలో పైనుంచి వచ్చే తనిఖీ కమిటీ తేలుస్తుందట. గది ఉంటే బాబాయ్ ఉంటాడు. ప్రిన్సిపాల్ బీరువాల ముందు ఒకసారి తిరిగి పెదవి విరిచాడు. స్పిరిట్ రంగుల్ని మింగేస్తుంది కదా, సీసాల్లో అన్నీ ఉడకబెట్టినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "వీటిని చూసి ఎవరుంచమంటారయ్యా? కాస్త రంగున్నది ఒక్కటైనా చూపించు" అని వెళ్ళిపోయాడు. బాబాయ్ కిటికీ వైపు చూశాడు. ఆయన దేన్ని తలుచుకున్నాడో నాకు తెలిసింది.

మూడు రోజులు చూసీ చూడనట్టు తిరిగాడు. కమిటీ వచ్చే రోజు ఉదయం నేను వెళ్ళేసరికి బయట గూడు ఖాళీగా ఉంది. తెల్ల పట్టీలు అలాగే ఉన్నాయి, అంచున ఆ నలకంత మొగుడూ ఉన్నాడు. బల్ల మీద సీసాలో సాలీడు పసుపు పచ్చగా మెరిసిపోతోంది. ప్రాణంతో ఉందేమోనని భ్రమపడ్డాను.

"పొట్ట నిండా గుడ్లున్నాయి" అన్నాడు బాబాయ్. "పెట్టేదాకా ఆగుదామనుకున్నా అమ్మాయ్. వాళ్ళు ఆగరుగా."

అప్పుడు చూశాను, దాన్ని తల కిందికి పెట్టి కట్టాడు. కాళ్ళు రెండేసి జతలు, అచ్చం గూట్లో ఉన్నట్టే. బీరువాలో మిగతావన్నీ తల పైకే ఉంటాయి. సీసా పైభాగాన అంటించిన పేరు చీటీ వైపే తల ఉండాలని మాస్టారు పెట్టిన పద్ధతి, ముప్పై ఏళ్ళలో ఆయన ఒక్కసారీ తప్పలేదు.

"చంపడం ఎలాగూ చంపాను. ఉన్నదున్నట్టన్నా కట్టొద్దూ?" అన్నాడు.

కమిటీ పెద్దాయన మధ్యాహ్నం వచ్చాడు. నా ఉద్యోగం ఖాయం చేసే ఫైలు కూడా ఆ రోజు ఆయన సంతకం కోసమే ప్రిన్సిపాల్ బల్ల మీద ఉంది. ఆయన చెప్పింది రాసుకోవడానికి పుస్తకం పట్టుకుని వెనకే నడిచాను. పెద్దాయన తిన్నగా ఆ సీసా దగ్గరే ఆగాడు, వంగి చూశాడు. బాబాయ్ మొహం విప్పారింది.

"తలకిందులుగా కట్టావేంటయ్యా?"

"అది అలాగే ఉంటుంది సార్."

పెద్దాయన బీరువా వైపు వేలు చూపించాడు. "మరి ఇవన్నీ తల పైకున్నాయే. ఇవి నువ్వు కట్టినవి కావా?"

"నేను కట్టినవే సార్."

"అయితే ఏది తప్పు?"

ప్రిన్సిపాల్ నవ్వాడు, పక్కవాళ్ళూ నవ్వారు. బాబాయ్ చేతులు పిసుక్కుంటూ నా వైపు తిరిగాడు. "ఈ అమ్మాయి రోజూ చూసింది సార్. అడగండి."

అందరూ నన్నే చూశారు. "ఏమ్మా?" అన్నాడు పెద్దాయన. కిటికీ రెక్క తీస్తే గూడు కనపడుతుంది. నాలుగు ముక్కలు చెబితే సరిపోతుంది. నాకు మాత్రం ఆ బల్ల మీది ఫైలే కళ్ళ ముందు ఆడింది.

"నేను సరిగ్గా గమనించలేదు సార్" అన్నాను.

నివేదిక నేనే టైపు చేశాను. నమూనాలు పాలిపోయాయి, నిర్వహణ అజాగ్రత్తగా ఉంది, ఒక సాలీడును తలకిందులుగా కట్టడం గమనించాము, గది అవసరం లేదు. నెలలోపు ఇల్లు ఖాళీ చేయమన్న కాగితం కూడా నేనే కొట్టాను. అదే వారం నా ఉద్యోగం ఖాయమైంది. బాబాయ్ తిట్టినా బాగుండేది. పిన్ని మాత్రం నేను వెళ్ళినప్పుడల్లా గోడ వైపు తిరిగి పడుకునేది.

వాళ్ళు వెళ్ళిపోయే రోజున వెళ్ళాను. ఎక్కడికని అడిగితే "చూడాలి" అన్నాడు. పిన్నిని కుర్చీతో సహా ఎత్తి బండిలో పెట్టారు. సీసాలన్నీ అప్పటికే గోతిలో పారబోశారు. బాబాయ్ సంచిలోంచి ఆ ఒక్క సీసా తీసి నా చేతిలో పెట్టాడు. పసుపంతా పోయింది. ఏది చారో ఏది పొట్టో తెలియడం లేదు. మూత చుట్టూ మైనం కొత్తగా ఉంది. సాలీడు తల పైకుంది.

"మళ్ళీ కట్టావా బాబాయ్?"

"ఊ. సరిచేశా."

"అదేంటి, అది తల కిందికే కదా ఉండేది."

ఆయన నన్ను తేరిపార చూశాడు. అందులో కోపం లేదు.

"పిల్లవి, నీ కళ్ళు మంచివి. నువ్వే గమనించలేదన్నావు కదమ్మా. ముసలి కళ్ళు, నేనే సరిగ్గా చూసుండను."

"చూశాను బాబాయ్. రోజూ చూశాను. అది తల కిందికే ఉండేది" అన్నాను. రెండుసార్లు అన్నాను. ఆయన సరే సరేనంటూ తలూపాడు, ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెడుతున్నట్టు. నమ్మలేదు.