ఇరవైనాలుగు అడుగుల సంపు

తొంభైల మధ్యలో నేను అత్తిబెలె దగ్గర ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేరాను. మడివాళలో ఒక మేడ మీద అద్దె గది. పొద్దున్నే హోసూరు బస్సులో నిలబడి వెళ్ళడం, సాయంత్రం అలాగే నిలబడి రావడం. బట్టల్లో, చెవుల్లో, కనుబొమల్లో తెల్లటి రాతిపొడి. అక్కడ దాదాపు పన్నెండేళ్ళు పనిచేశాను. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీని తలుచుకుంటే అద్దంలా మెరిసే పలకలు గుర్తుకు రావు. షెడ్డు వెనక సంపే గుర్తుకొస్తుంది.

రాయి కోస్తున్నంతసేపూ రంపాల మీద నీళ్ళు పడుతూనే ఉండాలి. ఆ నీళ్ళు రాతిపొడినీ, కోతకు వాడే ఇనుప రవ్వనూ, సున్నాన్నీ కలుపుకుని కాలవ వెంట వచ్చి సంపులో పడేవి. ఇరవైనాలుగు అడుగుల లోతు. అక్కణ్ణించి పైకి తోడి, తొట్లలో తేర్చి, మళ్ళీ రంపాలకు పంపాలి. సంపులో పంపు ఆగిందంటే ఫ్యాక్టరీ ఆగినట్టే. ఆ పంపు ఎంచడం నా పని.

నేను చేరేటప్పటికి గట్టు మీద ఒక పంపు ఉండేది. కిందికి పైపు వేసి పీల్చే రకం. సంపు నిండుగా ఉంటే పీల్చేది, మట్టం దిగితే గాలి మింగి ఉత్తిగా తిరిగేది. కాగితం మీద లెక్క వేశాను. బెంగళూరు సముద్రమట్టానికి మూడు వేల అడుగుల ఎత్తున ఉంది, గాలి ఒత్తిడి తక్కువ. అంత లోతు నుంచి పీల్చడం దాని వల్ల కాదు. దాన్ని తీయించి, మోటారు పైనా నీళ్ళను నెట్టే చక్రం కిందా ఉండే పొడుగు ఇరుసు పంపు పెట్టించాను. ఇరుసును పట్టుకునే బుష్షులు బురదలోనే ఉండేవి. రెండు నెలలకే అరిగిపోయి షెడ్డంతా అదిరేలా మోత పెట్టింది. మూడోసారి, నీళ్ళలో మునిగి పనిచేసే పంపు తెప్పించాను. క్యాటలాగులో 'మురుగునీటికి' అని రాసి ఉంది. మాదీ మురుగునీరే కదా అనుకున్నాను.

అది ఐదు వారాలు పనిచేసింది.

పంపులు విప్పి బిగించే మెకానిక్కు నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాడు. తాతల కాలం నుంచి బెంగళూరులో ఉన్న తెలుగు కుటుంబం. అందరితోపాటు నేనూ ఆయన్ను మేస్త్రీ అనే పిలిచేవాణ్ణి. ఆ రోజు పంపు విప్పి, లోపలి చక్రం నా చేతిలో పెట్టాడు. రెక్కల అంచులు బ్లేడులా పలచబడి ఉన్నాయి.

"ఎట్ల తినేసిండాదో చూడండి సార్. ఒక్కసారి మీరు కిందికి దిగి చూడండప్పా. పైన్నుంచి చూస్తే నీళ్ళే కనపడతాయి."

"చూద్దాంలే మేస్త్రీ, ముందు చక్రం మార్చండి," అన్నాను.

చక్రం మార్చాం. మళ్ళీ అరిగింది. ఇంకోసారి సీలు పోయి మోటారు కాలింది. అలా ఏడాదిన్నర గడిచింది. ప్రతిసారీ ఆయన దిగమనేవాడు, నేను ఏదో పని చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఆ గోతిని చూస్తే నాకు భయం. ఆ మాట ఎవరితోనూ అనలేదు. పంపు చెడిన ప్రతిసారీ రిజిస్టరులో కారణం రాయాలి. 'సరిగా చూసుకోకపోవడం వల్ల' అని ఇంగ్లీషులో రాసేవాణ్ణి. దాని కింద మెకానిక్కు సంతకం ఉండాలి. ఆయనకు కన్నడం తప్ప మరో చదువు లేదు. నేను వేలు పెట్టి చూపించిన చోట కన్నడంలో సంతకం చేసేవాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం పంపు మళ్ళీ ఆగింది. గొలుసు వేసి లాగితే కదల్లేదు, బురదలో కూరుకుపోయింది. పైనీళ్ళు తోడించాక, చుట్టూ తవ్వడానికి మేస్త్రీ దిగాడు. తవ్వాక పైనుంచి మళ్ళీ గొలుసు లాగితే పంపు ఒక్క ఊపున పైకి లేచి పక్కకు ఊగింది. దానికీ గోడకూ మధ్య ఆయన కుడి చేయి నలిగింది. కేక కూడా పెద్దగా వినపడలేదు. తాడు కట్టి పైకి తెచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మణికట్టులో రెండు చోట్ల ఎముక విరిగిందన్నారు.

మర్నాడు సంపులోకి దిగడానికి ఎవరూ ముందుకు రాలేదు. దిగమని అడిగే ముఖం నాకూ లేదు. అద్దె పంపుతో పైనీళ్ళు మళ్ళీ తోడించి, లోపలికి గాలి కొట్టే బ్లోయరు పెట్టించి, నడుముకు తాడు కట్టించుకుని నేనే దిగాను. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను.

కింద చూస్తే నీళ్ళ సంపు కాదది. నాలుగు మూలలా బురద నా ఛాతీ దాకా పేరుకుని, సిమెంటులా గట్టిపడి ఉంది. మధ్యలో పంపు తనకు తాను తవ్వుకున్న గుంటలో ఇరుక్కుని ఇన్నాళ్ళూ తిరిగింది. గుంట గోడ విరిగిపడ్డప్పుడల్లా చిక్కటి బురదను మింగేది. మోటారును చల్లబరచడానికి చుట్టూ నీళ్ళే లేవు. పది నిమిషాలు కూడా ఉండలేకపోయాను. మేస్త్రీ నాలుగైదు వారాలకోసారి ఇక్కడికి దిగాడన్న సంగతి పైకి వచ్చి కూర్చున్నాక తలకెక్కింది.

అప్పుడు ఎంచాను సరైన పంపు. మోటారు వేగం సగం. చక్రం మామూలు పోత ఇనుముది కాదు, క్రోమియం కలిపిన గట్టి లోహానిది. అడుగున బురదను కలియబెట్టే చిన్న రెక్క. మోటారు చుట్టూ నీటి తొడుగు. దాంతోపాటు మూలల్లో బురద నిలవకుండా సంపు అడుగును మధ్యకు వాలుగా కాంక్రీటు పోయించాలని రాసి యజమాని ముందు పెట్టాను. ఆయన కాగితం చదివి రిజిస్టరు తెప్పించాడు.

"ఇన్ని రోజులూ మెకానిక్ మిస్టేక్ అని రాసింది మీరే కదా?"

"నేనే సార్. తప్పు ఆయనది కాదు. పంపు ఎంచడంలో నాది."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. సంతకం పెట్టి కాగితం నా వైపు తోశాడు. ఒప్పుకున్నందుకు మనసు తేలికపడుతుందంటారు. నాకు మాత్రం ఒళ్ళంతా అలసట, అంతే.

ఆ ఆదివారం మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. కట్టు కట్టిన చేయి దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. రిజిస్టరులో నేనేం రాశానో చెప్పాను.

"నాకు తెలుసప్పా. స్టోరు ఆయప్ప ఎప్పుడో చదివి చెప్పినాడు."

"తెలిసీ సంతకం ఎందుకు పెట్టారు?"

"ఏం చేసేది సార్? పెట్టకుంటే మీరు సుమ్నె, ఊరికే, వాదిస్తా కూర్చుంటారు. పంపు ఎక్కించల్ల కదా."

ఆయన భార్య కాఫీ తెచ్చింది. చల్లారేదాకా దాన్ని చేతిలో పట్టుకునే కూర్చున్నాను.

కొత్త పంపు వచ్చింది. పదినెలలు విప్పకుండా నడిచింది. చక్రం అరగడం మానలేదు గానీ, ఎప్పుడు మార్చాలో ముందే తెలిసేది. మేస్త్రీ మణికట్టు అతుక్కుంది కానీ స్పానరు తిప్పే పట్టు తిరిగి రాలేదు. ఆయన్ను స్టోరులో వేశారు. బోల్టులు లెక్కపెట్టడం ఆయనకు నచ్చలేదు. నాతో ఎప్పటిలాగే మాట్లాడేవాడు, అది నాకు ఇంకా కష్టంగా ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు ఆయన రిటైరయ్యాడు. అప్పటికి హోసూరు రోడ్డంతా సాఫ్ట్‌వేరు కంపెనీల బస్సులు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆ రోజు ఆలస్యంగా చేరాను. క్యాంటీన్లో భోజనాలు మొదలైపోయాయి. దండ మెడలోనే ఉంచుకుని ఆయన ఎడం చేత్తో చెంచా పట్టుకుని సాంబారన్నం తింటున్నాడు. పక్కన జాగా చేసి, "కూర్చోండి సార్, చల్లగయిపోతాది," అన్నాడు. కూర్చుని తిన్నాను.